లోడు బండి, ఖాళీ బండి



కొత్తవలస నుంచి శృంగవరపుకోట వైపు వెళుతుంటే ఒకసారి దారిలో రైల్వే గేటు పడింది. బస్సు ఆగింది. కొందరం దిగి చెట్టు నీడకు చేరాం. కొండల వైపు నుంచి ఒక గూడ్సు బండి వచ్చింది. ఇంజిన్లు దాటాక పెట్టెలు మొదలయ్యాయి. పది, ఇరవై, నలభై... ఎంతకీ తరగవు. అన్నింటికీ ఎర్రటి దుమ్ము. నా పక్కన నిలబడ్డ ఒక ముసలి రైతు తలగుడ్డ సర్దుకుంటూ అడిగాడు: "ఏటి బావూ, అంతంత పెట్టెలు కట్టి అడుగున ఇంత మట్టేసి తోలుకెలిపోతన్నారు. రైలోళ్లకి లెక్క తెలీదేటి?"

ఆయన అన్నది నిజం. పక్కనున్న గట్టు మీదికెక్కి చూస్తే పెట్టెలు సగం కూడా నిండిలేవు. బొగ్గు బండి అయితే అంచులు దాటి గోపురంలా నింపుతారు. ఇదేమో సగానికి సగం వెలితి. మరి లెక్క తెలియనిది ఎవరికి?

ఆ పెట్టెల్లో ఉన్నది మట్టి కాదు, ఇనుప ఖనిజం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో తవ్వింది. మేలు రకం ఇనుప రాయి నీటికన్నా దాదాపు ఐదింతలు బరువు. వ్యాగన్ మోయగలిగేది అరవై, డెబ్భై టన్నుల లోపు. అంచుదాకా నింపితే ఆ బరువు రెండింతలు దాటిపోతుంది. ఇరుసులు ఆగవు, పట్టాలు ఆగవు, వంతెనలు ఆగవు. అందుకని రైలువాళ్లు పెట్టెను కంటితో నింపరు, కాటాతో నింపుతారు. కంటికి సగం ఖాళీగా కనిపించే ఆ పెట్టె, కాటా మీద మాత్రం నిండు కుండే.

ఆ రైతుకు ఇది చెప్పాను. ఆయన తలాడించి, "మరి ఈ బండి ఎనక్కి ఎలిపోయినప్పుడేటి అట్టుకెల్తాది?" అని అడిగాడు. "ఏమీ లేదు, ఖాళీగా వెళుతుంది" అన్నాను. అంతలో గేటు లేచింది, బస్సెక్కాం. ఆయన రెండో ప్రశ్నకు నేను తొందరపడి జవాబు చెప్పానని తరవాత తెలిసింది. ఈ రోజు నా మాటలన్నీ ఆ రెండో ప్రశ్న గురించే. ఒక రైలు దారి, ఆ దారి చివర ఒక రేవు. ఆ రెండింటి కాపురం ఎలా సాగుతుందో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు కొంచెం వెనక్కి వెళదాం. విశాఖపట్నానికి పెద్ద రేవు రాకముందే రైలు వచ్చింది. విజయవాడ నుంచి కటక్ దాకా తీరం వెంట సాగిన ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం 1893 - 1896 మధ్య అంచెలంచెలుగా తెరుచుకుంది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన పడింది. 1901 - 1902లో ఆ మార్గాన్ని పంచారు. ఉత్తరపు భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేకు, దక్షిణపు భాగం మద్రాసు రైల్వేకు వెళ్లాయి. రెండు కంపెనీలూ కలిసిన చోటు వాల్తేరు. ఇప్పుడు మనం విశాఖపట్నం స్టేషన్ అంటున్నది అదే. 1987 దాకా దాని పేరు వాల్తేరే. పెద్దవాళ్లు నేటికీ "వాల్తేరు టేసను" అంటారు.

మద్రాసుకూ కలకత్తాకూ మధ్య ఇంత పొడుగు తీరంలో తుఫాను వస్తే పెద్ద ఓడ తలదాచుకునే చోటు లేదు. మధ్య పరగణాల్లో మాంగనీసు గుట్టలు గుట్టలుగా ఉంది, దాన్ని సముద్రానికి చేర్చే దగ్గరి దారి లేదు. ఈ రెండు లోట్లకూ ఒకటే మందు, విశాఖ దగ్గర రేవు. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ 1922లో ఇచ్చిన నివేదికను 1925లో ప్రభుత్వం ఒప్పుకుంది. 1927లో పని మొదలైంది. ఆ పని నడిపింది బెంగాల్ నాగపూర్ రైల్వేయే. రైలు కంపెనీ రేవు తవ్వడమేమిటని మనకు వింతగా అనిపిస్తుంది. సరుకు తెచ్చేది తాను కాబట్టి, దింపే చోటు కూడా తానే చూసుకుందన్నమాట.

ఆ చోటు ఉప్పుటేరు, చిత్తడి నేల. బురద తోడి, ఆ బురదతోనే పల్లం పూడ్చి, ఓడలు తిరిగేంత లోతు చేశారు. డాల్ఫిన్స్ నోస్ కొండ దక్షిణపు గాలికి అడ్డు నిలిచింది. అయినా అలల పోటు ఆగలేదు. అందుకని రెండు పాత ఓడలను రేవు మొగదల కావాలని ముంచి, వాటినే అడ్డుకట్టగా మార్చారు. రాయి దొరకని చోటా ఇది? కాదు, చుట్టూ కొండలే. కానీ పోటెత్తే నీళ్లలో రాళ్లు పేర్చడానికి ముందు నిలవడానికో ఆసరా కావాలి. ఆ ఓడలు ఆ ఆసరా అయ్యాయి.

1931లో పార్వతీపురం మీదుగా రాయపూర్ దాకా రైలు మార్గం పూర్తయింది. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ 'జలదుర్గ' రేవులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. రేవుకైన ఖర్చు 378 లక్షల రూపాయలు. తేదీల వరస గమనించారా? ముందు పట్టాలు, రెండేళ్లకు ఓడ.

ఇక్కడ చరిత్ర ఒక చిత్రమైన మలుపు తిరిగింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో పల్లెలకు తరలిపోయింది. ఆ కథలు మన ఇళ్లల్లో తాతమ్మలు చెప్పేవారు. సరిగ్గా పద్దెనిమిదేళ్లకు, 1960లో, అదే జపాను ఉక్కు మిల్లులు అదే రేవు నుంచి ఇనుప ఖనిజం కొంటామని ఒప్పందానికి వచ్చాయి. బైలదిల్లా నుంచి ఏటా 40 లక్షల టన్నులు. యుద్ధంలో చితికిపోయిన జపానుకు ఉక్కు కావాలి, మనకు విదేశీ మారకం కావాలి. మధ్యన ఉన్న అడ్డమల్లా తూర్పు కనుమలు.

ఆ కనుమల్లో వేసిందే కొత్తవలస - కిరండూల్ మార్గం. రైలువాళ్లు ముద్దుగా కె.కె. లైను అంటారు. పొడుగు 445 కిలోమీటర్ల పైచిలుకు. 58 సొరంగాలు. చిన్నా పెద్దా వంతెనలు వెయ్యికి పైన. కొత్తవలస దగ్గర మైదానంలో మొదలై, బొడ్డవర దాటగానే కొండెక్కి, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా శిమిలిగుడ చేరేసరికి సముద్ర మట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉంటాం. చాలాకాలం దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ అదే ఎత్తైంది. అక్కణ్నుంచి అరకు, కోరాపుట్, జగదల్‌పూర్, దంతెవాడ, బచేలి, కిరండూల్. ఆంధ్రలో మొదలైన దారి ఒడిశా మీదుగా ఛత్తీస్‌గఢ్‌లో ఆగుతుంది. 1960ల మధ్యనాటికి మార్గం సిద్ధమైంది. 1968లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ కిరండూల్ గనిని నడపసాగింది.

మనం అరకు చూడడానికి ఆ బండెక్కుతాం. కిటికీలోంచి లోయలూ జలపాతాలూ చూసి, సొరంగం రాగానే పిల్లలతో పాటు కేక వేసి, ఈ రైలు మన కోసమే వేశారనుకుంటాం. కాదు. వేసింది ఖనిజం కోసం. మనం అందులో చుట్టపుచూపుగా వచ్చిన వాళ్లం. కరకవలసలోనో చిమిడిపల్లిలోనో మన బండి అరగంట ఆగిందంటే, ఎదురుగా అసలు యజమాని వస్తున్నాడని అర్థం.

ఇప్పుడు ఆ యజమాని కొండ దిగడం చూద్దాం. ఒక రేక్‌కు, అంటే ఒక పూర్తి బండికి, 58 పెట్టెలనుకోండి. మోసే ఖనిజం దాదాపు 3800 టన్నులు, పెట్టెల సొంత బరువుతో కలిపి ఐదు వేల టన్నులు దాటుతుంది. అరవై అడుగులకు ఒక అడుగు వాలు. అడుగడుగునా వంపులు. నాటుబండితో కొండవాలు దిగినవాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. దిగువకు ఎడ్లు బండిని లాగవు. కాడిని మెడతో వెనక్కి తన్నిపట్టి, కాళ్లు నేలకు నొక్కి బండిని నిలబెడుతూ దిగుతాయి. ఇక్కడ ఇంజిను చేసేదీ అదే. లాగడం కన్నా పట్టి ఉంచడం కష్టం. అందుకే దిగే ముందు బండి మొత్తానికీ బ్రేకులు పరీక్షించి, సరిగా పట్టుతున్నాయని కాగితం మీద రాసి సంతకం పెడితే గాని కదలనివ్వరు.

ఇంత చేసినా బండి పట్టు తప్పితే? దానికీ ఒక ఏర్పాటు ఉంది. కనుమ దారుల్లో క్యాచ్ సైడింగ్ అని ఉంటుంది. వాలున దిగే పట్టా పక్కన, కొండ వైపుకు ఎగబాకే ఇంకో పట్టా. దారి మార్చే పాయింట్లు మామూలుగా దాని వైపే తిప్పి ఉంచుతారు. వచ్చిన బండి చెప్పిన చోట ఆగి, నేను అదుపులోనే ఉన్నానని చూపిస్తేనే అసలు దారి ఇస్తారు. అదుపు తప్పిన బండి ఆ ఎగువ పట్టా మీదికి పోయి తనంతట తానే ఆయాసపడి ఆగుతుంది. ముందు అనుమానించి తరవాత నమ్మే పద్ధతి ఇది. పిల్లనిచ్చే మామగారి పద్ధతి అనుకోండి.

మొదట్లో ఈ లైను మీద డీజిల్ ఇంజిన్లు రెండేసి, మూడేసి జతకట్టి నడిచేవి. 1980ల మొదట్లో కరెంటు తీగ వచ్చింది. ఆ దశాబ్దం చివర్లో ఈ కొండ కోసమని జపాను హిటాచీ నుంచీ స్వీడను నుంచీ ఇంజిన్లు తెప్పించి, విశాఖ షెడ్డులో ఉంచి నడిపారు. ఇప్పటి ఇంజిన్లలో ఇంకో సుగుణం ఉంది. వాలున దిగేటప్పుడు వాటి మోటార్లే డైనమోలవుతాయి. బండి బరువే కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు పైనున్న తీగలోకి తిరిగి వెళుతుంది. ఆ సమయానికి దగ్గర్లో ఇంకో బండి కొండెక్కుతూ ఉంటే, దానికి ఆ కరెంటు అక్కరకు వస్తుంది.

ఇక్కడే ఆ రైతు రెండో ప్రశ్న నాకు గుర్తొచ్చింది. కొండెక్కుతున్న ఆ ఇంకో బండి ఏది? రేవులో ఖనిజం దింపి తిరిగి వెళుతున్న ఖాళీ బండి. గిలక బావిలో రెండు చేదలు చూసే ఉంటారు. చేంతాడు ఒకటే. నిండు చేద పైకొస్తుంటే ఖాళీ చేద కిందికి దిగుతుంది. ఇక్కడ ఆ బావిని తలకిందులు చేశారు. నిండుది దిగుతుంది, ఖాళీది ఎక్కుతుంది. చేంతాడుకు బదులు కరెంటు తీగ.

బండ్ల రాకపోకలు చూసే ఆపరేటింగ్ వాళ్ల దగ్గర కూర్చుంటే వాళ్ల నోట లోడు బండి మాట తక్కువ, ఖాళీ బండి మాట ఎక్కువ. "ఎంప్టీలు ఎక్కడున్నాయి? ఎంప్టీలు ఎప్పుడు దాటాయి?" కొత్తవాడికి ఇది విడ్డూరం. సరుకున్న బండి గురించి కదా బెంగ ఉండాలి! కానీ ఆలోచించండి. గని దగ్గర ఖనిజం గుట్ట పడి ఉంది. అది ఎక్కడికీ పోదు. ఖాళీ పెట్టెలు రాకపోతే మాత్రం లోడింగు ఆగిపోతుంది. ఒక వ్యాగన్ లోడయిన దగ్గర్నుంచి మళ్లీ లోడయ్యేదాకా పట్టే కాలాన్ని టర్న్‌రౌండ్ అంటారు. అందులో ఒక్క రోజు తగ్గిస్తే, కొత్త వ్యాగన్లు కొనకుండానే కొన్నట్టు. పైగా ఇది చాలాచోట్ల ఒంటి పట్టాతో మొదలైన దారి. లోడు బండికి దారి ఇవ్వాలంటే ఖాళీ బండి స్టేషన్లో పక్కకు తప్పుకోవాలి. కంట్రోలు గదిలో కూర్చున్న కంట్రోలరు ఎవరిని ఎక్కడ ఆపాలో నిమిషాల లెక్కన తేలుస్తుంటాడు. రెండో పట్టా వేసే డబ్లింగు పనులు ఈ ఇరుకు విప్పడానికే.

ఆ కంట్రోలరుకు కనిపించని మనిషి ఇంకొకడు ఉన్నాడు. వానాకాలం రాత్రి ఆ కొండల్లో లాంతరు పట్టుకుని పట్టా వెంట నడిచే గస్తీ మనిషి. కొండ జారి బండరాయి పట్టా మీద పడితే ముందుగా చూడాల్సింది అతనే. చేతిలో ఎర్ర దీపం, సంచిలో పటాసులు. దీపం కనిపించని మంచులో పట్టా మీద ఆ పటాసు పెడితే ఇంజిను చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరిస్తుంది. ఐదు వేల టన్నుల బండి భద్రత ఆ సంచిలో ఉంటుంది.

ఇక బండి రేవుకు చేరింది. పాత లోపలి రేవు కాలవ ఇరుకు, మధ్యరకం ఓడలకే సరిపోయేది. జపాను పెద్ద పెద్ద ఓడలు పంపడం మొదలుపెట్టాక బయటి రేవు కట్టాల్సి వచ్చింది. అది 1976లో పని మొదలుపెట్టింది. లక్షన్నర టన్నుల ఓడ వస్తుందనుకోండి. ఒక రేక్ 3800 టన్నులు. ఒక్క ఓడ నిండాలంటే దాదాపు నలభై రేక్‌లు కావాలి. నలభై బండ్లు ఒక్కసారి రావు. ఓడ మాత్రం ఒక్కసారే వస్తుంది. బండ్లు వచ్చేదాకా ఓడను నిలబెడితే రోజుకింతని డెమరేజి, అంటే ఆలస్యపు జరిమానా, కట్టాలి. ఓడ వచ్చేదాకా బండ్లను నిలబెడితే రైల్వేకు డెమరేజి కట్టాలి. రెండువైపులా వాతే.

దీనికి మందు మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. గరిసె. పంట ఒకసారి వస్తుంది, తిండి రోజూ కావాలి, మధ్యలో గరిసె. ఇక్కడ సరుకు రోజూ వస్తుంది, ఓడ ఎప్పుడో వస్తుంది, మధ్యలో స్టాక్‌యార్డు. వచ్చిన పెట్టెను టిప్లర్ అనే యంత్రం ఒడిసిపట్టి, చెంబులో నీళ్లు వంపినట్టు, పట్టా ముక్కతో సహా బోర్లిస్తుంది. డెబ్భై టన్నుల లోపు రాయి భళ్లున గోతిలో పడుతుంది. ఒక్కసారి ఎర్రటి పొగ లేస్తుంది, నీటి తుంపర దాన్ని అణుస్తుంది. కింద కన్వేయర్ బెల్టు ఆ రాయిని యార్డుకు చేర్చి గుట్ట పోస్తుంది. ఓడ రాగానే ఇంకో యంత్రం చక్రానికున్న బకెట్లతో గుట్టను తవ్వి బెల్టు మీద వేస్తుంది. అది ఓడ కడుపులో పడుతుంది. మనిషి చెయ్యి ఎక్కడా తగలదు. ఆ దుమ్ము మాత్రం గాలి తిరిగిన రోజున ఊరి మేడల మీద ఆరేసిన బట్టలకు తగులుతుంది. విశాఖ ఇల్లాళ్లకు ఈ రేవు గురించి ఉన్న పాత ఫిర్యాదు ఇదే, అందులో న్యాయం ఉంది.

ఇంకో సంగతి. ఈ తీరంలో ఇసుక ఏటా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు అడ్డుకట్టలు దాన్ని మధ్యలో ఆపేస్తాయి. ఆపితే రేవు పూడుతుంది, పైనున్న ఊరి బీచి కోసుకుపోతుంది. అందుకని డ్రెడ్జర్ ఆ ఇసుకను తోడి బీచిలో పోస్తుంది. మనం సాయంత్రం పల్లీలు తింటూ కూర్చునే ఆ ఇసుకకూ ఒక టర్న్‌రౌండ్ ఉందన్నమాట.

కాలం మారింది. బైలదిల్లా ఖనిజం ఇప్పుడు చాలా మేరకు దేశంలోని కర్మాగారాలకే వెళుతోంది. సొంత ఇనుప గనులు లేని విశాఖ ఉక్కుకు ఆ లైనే జీవనాడి. కొంత ఖనిజం రైలే ఎక్కడం లేదు. పొడి చేసి నీళ్లలో కలిపి 267 కిలోమీటర్ల గొట్టంలో బైలదిల్లా నుంచి విశాఖకు పంపుతున్నారు. గొట్టానికి ఖాళీ బండి బెడద లేదు. కానీ అది ఒక్క సరుకే మోస్తుంది, ఒక్క వైపే నడుస్తుంది. మనిషిని మొయ్యదు. 2009లో పక్కనే గంగవరం రేవు వచ్చింది. అక్కడ దిగిన బొగ్గు బెల్టు మీదే ఉక్కు కర్మాగారానికి వెళుతుంది. దక్షిణాన కృష్ణపట్నం రేవు కోసం ఓబులవారిపల్లె నుంచి వేసిన మార్గంలో వెలిగొండల కింద ఆరున్నర కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తవ్వి 2019లో తెరిచారు. చుట్టుదారి తప్పింది, టర్న్‌రౌండ్ తగ్గింది. ఎక్కడ చూసినా లెక్క అదే.

పాలనలోనూ మార్పు వచ్చింది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించారు. 2025 జనవరిలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. ఆ ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం పాత వాల్తేరు డివిజన్ను రెండు చేసింది. దాదాపు 410 కిలోమీటర్లతో విశాఖపట్నం డివిజన్ కొత్త జోన్‌కు. దాదాపు 680 కిలోమీటర్లతో రాయగడ డివిజన్ తూర్పు కోస్తా రైల్వేకు. కె.కె. లైను రెండో వాటాలోకి వెళ్లింది. రాబడి ఎవరి ఖాతాలో పడాలన్న వాదన ఉంది, అది తేల్చుకోవాల్సిందే. నేను చెప్పేదల్లా ఒకటి. ఇకమీద గిలక ఒకరి చేతిలో, బావి గట్టు ఒకరి చేతిలో ఉంటాయి. కొత్తవలస దగ్గర ఒక జోన్ కంట్రోలరు ఇంకో జోన్ కంట్రోలరుకు బండి అప్పజెప్పాలి. లోడు బండిని అందరూ ఆత్రంగా అందుకుంటారు. ఖాళీ బండిని అంతే ఆత్రంగా తిప్పి పంపుతారా? కొత్త ఏర్పాటుకు అసలు పరీక్ష అక్కడుంది.

ఇకనైనా ఆ రైతుకు సరైన జవాబు చెప్పాలి. రాయపూర్ దారిలోనైతే కొన్ని బండ్లు రేవులో దిగుమతి బొగ్గు ఎక్కించుకుని ఉక్కు కర్మాగారాలకు వెళతాయి, వట్టి చేతులతో పోవు. కె.కె. లైను ఖనిజపు బండి మాత్రం ఎక్కువగా ఖాళీగానే కొండెక్కుతుంది. కానీ అయ్యా, అది ఏమీ పట్టుకెళ్లడం లేదని ఆ రోజు అన్నాను చూడండి, అది తప్పు. అది రేపటి లోడును తీసుకురావడానికి కావలసిన చోటును పట్టుకెళుతోంది.

ఈసారి ఆ దారిలో రాత్రిపూట గేటు పడితే దీపం ఆర్పి చెవి పెట్టి వినండి. లోడు బండి నేలను అదుముతూ, దబ్బు దబ్బుమని, నిదానంగా పోతుంది. మీ కాళ్ల కింద మన్ను కదులుతుంది. ఖాళీ బండి వంట పాత్రల బుట్ట ఎత్తి కుదిపినట్టు గలగలమంటూ పోతుంది. మొదటి చప్పుడు వినగానే గేటు తొందరగా లేస్తే బాగుండుననిపిస్తుంది. రెండో చప్పుడు కూడా వినిపించిందంటే, కొండ మీద గనిలోనూ, గట్టు కింద రేవులోనూ రేపటికి పని ఉందని అర్థం.